తేట నీటిలో దాగిన రాయి

వంటగిన్నె అడుగున పేరుకునే తెల్లని పెచ్చుకూ, నల్లగొండ బావుల్లోని ఫ్లోరైడ్‌కూ ఒకే లెక్క వర్తిస్తుంది. ఆ లెక్కను బడి ప్రయోగశాలలో ఒక గాజు గ్లాసులోనే చూడొచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్ నుంచి భిలాయి వైపు వెళ్తుంటే ఖారున్ నది దాటగానే వచ్చే పట్టణం కుమ్హారి. అక్కడికి దగ్గర్లోనే భిలాయి ఉక్కు కర్మాగారం ఉంది. సోవియట్ సహకారంతో కట్టిన ఆ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఉద్యోగాల కోసం వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి.

దుర్గ్, రాయ్‌పూర్‌ల మధ్య మైదానం కింద ఉన్నవి ఎక్కువగా సున్నపురాయి, షేల్ పొరలు. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్నదే ఈ రాయి. భిలాయికి ఉత్తరాన నందిని గనుల్లో తవ్వేది ఈ సున్నపురాయినే. ఇనుప ఖనిజంలోని మలినాలను కరిగిన చిట్టెంగా వేరుచేయడానికి ఉక్కు కర్మాగారం దాన్ని వాడుతుంది. జాముల్‌లో సిమెంటు పరిశ్రమ వెలిసిందీ ఈ రాయిని చూసుకునే.

ఇలాంటి నేలలో బోరు నీళ్లు వాడే ఇళ్లకు కొన్ని చిక్కులు బాగా తెలుసు. సబ్బు సరిగా నురగ రాదు. కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. నీళ్లు కాచే గిన్నెలో కొన్నాళ్లకే తెల్లని పెచ్చు కడుతుంది. గోకితే అది సుద్దలా రాలుతుంది. గిన్నెలో పోసినప్పుడు మాత్రం నీళ్లు అద్దంలా తేటగానే ఉంటాయి. వడకట్టినా గుడ్డ మీద ఏమీ మిగలదు. మరి ఈ రాయి ఎక్కడి నుంచి వచ్చింది?

కంటికి కనిపించకుండా నీటిలో కలిసిపోవడం ద్రావణీయత. కలిసినది తిరిగి ఘనపదార్థంగా బయటపడటం అవక్షేపణ. రసాయనశాస్త్రం పుస్తకంలో ఇవి రెండు నిర్వచనాలే. కానీ ఏ ఊరి నీటిలో ఏముందో, ఆ నీళ్లు తాగేవారి ఎముకలు ఎలా ఉంటాయో నిర్ణయించడంలో వీటికి పెద్ద పాత్ర ఉంది.

పాలవుతుంది, తేటవుతుంది, మళ్లీ పాలవుతుంది

బడి ప్రయోగశాలల్లో తరచూ చేసే ప్రయోగమొకటి ఈ విషయాన్ని స్పష్టంగా చూపిస్తుంది. తడిసిన సున్నాన్ని నీటిలో వేసి బాగా కలిపి, ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. పైన తేరిన నీటిని మెల్లగా మరో గ్లాసులోకి వంచుకుంటే సున్నపు తేట సిద్ధం. ఇందులో ఒక గొట్టం పెట్టి ఊదితే రెండు మూడు నిమిషాల్లో నీరు పాలలా తెల్లబడుతుంది. సున్నపు తేట కళ్లకు, నోటికి హాని చేస్తుంది కాబట్టి పిల్లలు దీన్ని ఉపాధ్యాయుల ఎదుటే చేయాలి. గొట్టంలోకి ఊదాలే తప్ప పొరపాటున కూడా పీల్చకూడదు.

చాలా తరగతుల్లో ప్రయోగం ఇక్కడితో ముగుస్తుంది. మన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉందని రాసుకుని పిల్లలు పుస్తకం మూసేస్తారు. అసలు ఆసక్తికరమైన భాగం దీని తర్వాతే ఉంది. ఆ వాయువును ఇంకా పంపుతూ పోతే తెల్లదనం క్రమంగా తగ్గి నీరు మళ్లీ తేటపడుతుంది. ఊపిరితో అయితే ఇందుకు చాలాసేపు పడుతుంది. పాలరాతి ముక్కల మీద ఆమ్లం పోసి పుట్టించిన కార్బన్ డయాక్సైడ్‌ను పంపితే త్వరగా అవుతుంది. సున్నపు తేట మరీ గాఢంగా ఉంటే పూర్తిగా తేటపడదు కాబట్టి, ముందే రెండు మూడు రెట్ల నీళ్లు కలిపి పలచన చేసుకోవాలి.

ఇప్పుడు ఆ తేట నీటిని మరిగిస్తే బుడగలు వస్తాయి, నీరు మళ్లీ తెల్లబడుతుంది. కాసేపు ఆపి చూస్తే అడుగున సన్నని తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది.

తొలి దశలో నీటిలో కరిగి ఉన్న కాల్షియం హైడ్రాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బోనేట్‌గా మారింది. సున్నపురాయి, పాలరాయి, సుద్ద, గుడ్డు పెంకు, నత్తగుల్ల అన్నీ ప్రధానంగా ఈ పదార్థమే. నీటిలో ఇది చాలా తక్కువగా కరుగుతుంది కాబట్టి అవక్షేపంగా బయటపడి తెల్లగా కనిపించింది. రెండో దశలో వాయువు ఎక్కువై నీరు కాస్త ఆమ్లంగా మారింది. ఆ నీటిలో కాల్షియం కార్బోనేట్ బాగా కరిగే కాల్షియం బైకార్బోనేట్ రూపంలోకి వెళ్లింది. మూడో దశలో వేడికి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయింది. దాన్ని నమ్ముకుని నీటిలో నిలిచిన కాల్షియం మళ్లీ కార్బోనేట్‌గా మారి రాలిపోయింది.

కుమ్హారి నేలలో జరిగేదీ ఇదే. వాన నీరు గాలిలోంచి కొంత, మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలే గాలి నుంచి మరింత కార్బన్ డయాక్సైడ్‌ను తనలో కలుపుకుంటుంది. అలా కాస్త ఆమ్లంగా మారిన నీరు సున్నపురాతి పగుళ్లలోంచి దిగుతూ రాతిని కరిగించుకుంటుంది. మనం తోడేది ప్రయోగంలోని రెండో దశ నీటిని. పొయ్యి మీద పెట్టగానే అది మూడో దశలోకి వెళ్తుంది. గిన్నెలోని పెచ్చు భూమి కింది రాయే. దారిలో కొంతకాలం కనిపించకుండా ప్రయాణించిందంతే.

బస్తర్‌లోని కోటుమ్‌సర్ గుహలోనూ, అరకు దారిలోని బొర్రా గుహల్లోనూ కప్పు నుంచి వేలాడే రాతి ఊడల వెనకా ఇదే చర్య ఉంది. అక్కడ పొయ్యి లేదు. చుక్క గుహలోకి రాగానే అందులోని వాయువు కొంత గాలిలోకి పోతుంది. ఆ మేరకు సున్నం రాలుతుంది. గిన్నెలో కొన్ని నెలల్లో జరిగే పని గుహలో వేల ఏళ్ల పాటు సాగుతుంది.

కరగడానికీ ఒక హద్దు

ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరైడ్ అయాన్లు వరుసగా పేర్చినట్టు ఉంటాయి. నీటి అణువులు చుట్టుముట్టి వాటిని ఒక్కొక్కటిగా విడదీసి తీసుకుపోతాయి. అదే సమయంలో నీటిలో తిరుగుతున్న అయాన్లలో కొన్ని మళ్లీ స్ఫటికం మీదకు చేరుతుంటాయి. మొదట్లో వెళ్లేవి ఎక్కువ, తిరిగొచ్చేవి తక్కువ. రెండూ సమానమైనప్పుడు కరగడం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి రాకపోకలు జరుగుతూనే ఉంటాయి. ఆ స్థితిలో ఉన్నదే సంతృప్త ద్రావణం.

ఈ హద్దు పదార్థాన్ని బట్టి ఎంతగానో మారుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద లీటరు నీటిలో దాదాపు 360 గ్రాముల ఉప్పు కరుగుతుంది. తడిసిన సున్నం 1.7 గ్రాములు కరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేని శుద్ధ నీటిలో కాల్షియం కార్బోనేట్ 14 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. ఉప్పుకూ దీనికీ సుమారు 25 వేల రెట్ల తేడా ఉంది.

కాబట్టి ‘కరగదు’ అని పుస్తకాల్లో రాసిన పదార్థాలు కూడా ఎంతో కొంత కరుగుతాయి. ఆ ‘ఎంతో కొంత’కు కచ్చితమైన లెక్క ఉంది. దాన్నే ద్రావణీయతా లబ్ధం అంటారు. లబ్ధం అంటే గుణిస్తే వచ్చే విలువ. సంతృప్త ద్రావణంలో రెండు రకాల అయాన్ల గాఢతలను గుణిస్తే వచ్చే విలువ, ఉష్ణోగ్రత మారనంత వరకు స్థిరంగా ఉంటుందని ఈ సూత్రం చెబుతుంది.

ఎకరం పొలంతో దీన్ని పోల్చుకోవచ్చు. విస్తీర్ణం ఎకరమే ఉండాలంటే, పొడవు పెరిగిన కొద్దీ వెడల్పు తగ్గాలి. అలాగే ద్రావణంలో ఒక అయాన్ గాఢత పెరిగితే, రెండోదానికి చోటు తగ్గుతుంది. లబ్ధం హద్దు దాటితే ఎక్కువైన భాగం స్ఫటికంగా మారి అడుగుకు చేరుతుంది. హద్దు దాటిన వెంటనే ఇది జరగాలనేం లేదు. స్ఫటికం మొదలవడానికి ఒక ఆధారం కావాలి. అది దొరికే దాకా ద్రావణం కొంతసేపు అతిసంతృప్తంగా నిలిచి ఉండగలదు.

ప్రయోగశాలలో దీన్ని చూడటం తేలిక. తేటగా ఉన్న సంతృప్త ఉప్పు ద్రావణంలో ఉపాధ్యాయులు జాగ్రత్తగా కొన్ని చుక్కల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే, నీటి మధ్యలోంచి సన్నని ఉప్పు స్ఫటికాలు మంచులా రాలుతాయి. గ్లాసులో ఎవరూ కొత్తగా ఉప్పు వేయలేదు. ఆమ్లం తెచ్చిన క్లోరైడ్ అయాన్లు లబ్ధాన్ని హద్దు దాటించాయి. దీన్ని ఉమ్మడి అయాన్ ప్రభావం అంటారు.

తెలుగు నేలలో ఈ ఎకరం లెక్క ఒక పెద్ద ప్రజారోగ్య సమస్యకు కేంద్రంలో ఉంది. అక్కడ గుణకారంలో ఒకవైపు ఉన్నది కాల్షియం, రెండోవైపు ఉన్నది ఫ్లోరైడ్.

నల్లగొండలో అదే లెక్క

తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటున్నాయని భారతదేశంలో తొలిసారి శాస్త్రీయంగా నమోదైంది 1937లో. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లాలోని గ్రామాల గురించి ఆ నివేదిక వచ్చింది. ఆ ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లా పరిధిలోకి వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో నల్లగొండ పేరు ఫ్లోరోసిస్‌కు మారుపేరుగా మారింది. పళ్ల మీద సుద్దలాంటి మచ్చలు, గోధుమ రంగు చారలు, బిగుసుకుపోయే కీళ్లు, వంగిపోయే నడుములు అక్కడి ఎన్నో ఊళ్లలో తరతరాల బాధ అయ్యాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. నల్లగొండలోని కొన్ని బావుల్లో మాత్రం 20 మిల్లీగ్రాముల వరకు కొలిచిన సందర్భాలున్నాయి.

ఇంత ఫ్లోరైడ్ ఎక్కడిది? నల్లగొండ కింద ఉన్నది సున్నపురాయి కాదు, గ్రానైట్. ఆ రాతిలోని నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. అయితే గ్రానైట్ దక్కన్‌లో చాలా చోట్ల ఉంది. ప్రతిచోటా నీరు ఇంత విషమం కాలేదు. తేడాను అర్థం చేసుకోవడానికి కాల్షియం వైపు చూడాలి.

కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్ ఏర్పడుతుంది. ఖనిజ రూపంలో దాని పేరే ఫ్లోరైట్. అది నీటిలో బాగా తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల వద్ద దాని ద్రావణీయతా లబ్ధం సుమారు 3.5 × 10⁻¹¹. ఒక కాల్షియానికి రెండు ఫ్లోరైడ్‌లు జతపడతాయి కాబట్టి, ఇక్కడ ఫ్లోరైడ్ గాఢతను దానితోనే మరోసారి గుణించాలి. ఈ విలువతో లెక్కిస్తే, ఫ్లోరైట్‌తో సంతృప్తమైన నీటిలో ఎంత ఫ్లోరైడ్ నిలవగలదో తెలుస్తుంది.

లీటరు నీటిలో కాల్షియం 200 మిల్లీగ్రాములుంటే ఫ్లోరైడ్ సుమారు 1.6 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. కాల్షియం 100 ఉంటే ఫ్లోరైడ్ 2.2 దాకా, 20 ఉంటే 5 దాకా పోతుంది. కాల్షియం 10 మిల్లీగ్రాములకు పడిపోతే ఫ్లోరైడ్ 7కు చేరగలదు. ఇది సరళమైన లెక్క. నిజమైన భూగర్భ జలంలో ఇతర లవణాలు ఈ అంకెలను కొంత మారుస్తాయి. అయినా దిశ మాత్రం మారదు. కాల్షియం తగ్గిన కొద్దీ ఫ్లోరైడ్‌కు దారి తెరుచుకుంటుంది.

నల్లగొండలో కాల్షియాన్ని తగ్గిస్తున్నది కూడా అవక్షేపణే. అక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. నేల పై పొరల్లో నీరు ఆవిరైపోతున్నప్పుడు ముందుగా హద్దు దాటేది కాల్షియం కార్బోనేట్. అది మట్టిలో తెల్లని సున్నపు గడ్డలుగా పేరుకుంటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని కాల్క్రీట్ అంటారు. ఇంకొంత కాల్షియాన్ని బంకమన్ను తనలోకి తీసుకుని, బదులుగా సోడియాన్ని నీటిలోకి వదులుతుంది. ఇలా కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బోనేట్ పెరిగిన క్షార నీరు గ్రానైట్ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. రాతిలోని ఫ్లోరైడ్‌ను బయటకు లాగడానికి అంతకంటే అనువైన నీరు ఉండదు. ఒక అవక్షేపం మట్టిలో ఏర్పడటం వల్ల, ఏర్పడాల్సిన రెండో అవక్షేపం ఏర్పడటం లేదు.

కుమ్హారి గిన్నెలో విసిగించే కాల్షియం, ఫ్లోరైడ్ ఎదురైన చోట కాపలాదారు అవుతుంది. అలాగని కఠిన జలమంతా క్షేమమని అనుకోకూడదు. కాల్షియం 100 మిల్లీగ్రాములు ఉన్నా ఫ్లోరైడ్ 1.5ను దాటే వీలుందని పై లెక్కే చెబుతోంది. కాల్షియం ఒక పైహద్దును మాత్రమే గీస్తుంది. దాని లోపల ఎంత ఉందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఒంట్లోనూ అవక్షేపమే

ఫ్లోరైడ్ మన ఎముకలను, పళ్లనే ఎందుకు వెతుక్కుంటుంది? అవి కూడా ఒక రకంగా అవక్షేపాలే. రక్తంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లు కలిసి హైడ్రాక్సీఅపటైట్ అనే స్ఫటికంగా మారడం వల్ల ఎముకకు గట్టిదనం వస్తుంది. ఆ స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉండే చోట ఫ్లోరైడ్ చక్కగా ఇముడుతుంది. రెండింటి పరిమాణం దాదాపు సమానం. ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం ఆమ్లంలో ఇంకా తక్కువగా కరుగుతుంది. కొద్ది మోతాదులో ఫ్లోరైడ్ పంటి పింగాణీని పుచ్చు నుంచి కాపాడేది ఇందుకే. టూత్‌పేస్టుల్లో దాన్ని చేర్చేదీ ఇందుకే.

మోతాదు మించినప్పుడు మేలు చేసిన గుణమే కీడు చేస్తుంది. ఎదిగే వయసులో పింగాణీ సరిగా ఏర్పడదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ త్వరగా బయటకు పోదు. ఏళ్లు గడిచే కొద్దీ ఎముకలు, వాటిని అంటిపెట్టుకున్న స్నాయువులు గట్టిపడిపోతాయి.

ఇక్కడ కూడా కాల్షియం పాత్ర ఉంది. ఆహారంలో తగినంత కాల్షియం ఉంటే, పేగులో ఫ్లోరైడ్‌లో కొంత భాగం కాల్షియం ఫ్లోరైడ్‌గా మారి ఒంటికి పట్టకుండా బయటకు పోతుంది. కాల్షియం తక్కువైన పేద ఇంటి పిల్లలు ఈ రక్షణను కోల్పోతారు. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే లోపం ఫ్లోరోసిస్ ప్రాంతపు పిల్లల్లో, యువకుల్లో కనబడుతున్నట్టు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో ప్రపంచం దృష్టికి తెచ్చారు. నీటిలో కాల్షియం లేదు, కంచంలోనూ లేదు. రెండు చోట్లా లెక్క ఫ్లోరైడ్ వైపే మొగ్గింది.

సున్నం ఒక్కటే చాలదు, పటిక కావాలి

ఎకరం లెక్క తెలిసిన ఎవరికైనా వెంటనే ఒక ఉపాయం తోస్తుంది. నీటిలో సున్నం కలిపి కాల్షియం పెంచితే ఫ్లోరైడ్ రాలిపోవాలి కదా? కొంత వరకు రాలుతుంది. కానీ ఫ్లోరైడ్‌ను లీటరుకు 1 మిల్లీగ్రాముకు దించాలంటే, అదే లెక్క ప్రకారం 500 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కావాలి. తాగునీటిలో కాల్షియానికి భారత ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ పరిమితి 200. సున్నంతో అంత దూరం వెళ్తే నీరు నోట పెట్టుకోలేనంత క్షారమవుతుంది. పైగా ఇంత పలచని ద్రావణంలో కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికాలు ఏర్పడి అడుగుకు దిగడానికి చాలాసేపు పడుతుంది.

నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో దీనికి వేరే మార్గం చూపింది. ఫ్లోరైడ్‌ను సొంతంగా రాలమని అడగకుండా, సులువుగా రాలే మరో అవక్షేపానికి అంటించి దించేయడం ఆ మార్గం. ఈ పని చేసేది పటిక. బురద నీటిని తేర్చడానికి పల్లెల్లో చిల్లగింజను అరగదీసినట్టే పటికనూ తరతరాలుగా వాడుతున్నారు. నీటిలో పటిక కరిగితే అందులోని అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి దూదిపింజల్లాంటి తెట్టెలు కడుతుంది. వాటి ఉపరితలం చాలా ఎక్కువ. ఫ్లోరైడ్ అయాన్లు వాటికి అతుక్కుని, వాటితో పాటే అడుగుకు చేరతాయి. పటిక వల్ల నీరు ఆమ్లంగా మారకుండా కొద్దిగా సున్నం వేస్తారు. సాధారణంగా అది పటికలో ఇరవయ్యో వంతు. సూక్ష్మజీవుల కోసం బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. కొద్ది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా వదిలేసి, పైన తేరిన నీటిని తీసుకుంటారు.

నల్లగొండ టెక్నిక్‌గా ప్రసిద్ధమైన ఈ పద్ధతికి కరెంటు అక్కర్లేదు. ఇంట్లో బకెట్‌లోనూ, ఊరి ట్యాంకులోనూ చేయొచ్చు. ఫ్లోరైడ్ సమస్య తీవ్రంగా ఉన్న టాంజానియా, ఇథియోపియా వంటి ఆఫ్రికా దేశాల్లో కూడా దీన్ని ప్రయత్నించారు. ఒక తెలుగు జిల్లా పేరు నీటి శుద్ధి పుస్తకాల్లో ఇలా నిలిచిపోయింది.

దీని పరిమితులను కూడా ద్రావణీయతే గీసింది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. మధ్యస్థంగా ఉన్న ఇరుకు పరిధిలోనే బాగా అవక్షేపిస్తుంది. సున్నం ఎక్కువైతే పట్టుకున్న ఫ్లోరైడ్‌ను వదిలేస్తుంది, అల్యూమినియం నీటిలోకి వచ్చేస్తుంది. పటిక ఎక్కువైతే సల్ఫేట్ పెరుగుతుంది. మోతాదు ఊరి నీటిని బట్టి, ఒక్కోసారి బావిని బట్టి మారుతుంది. అడుగున మిగిలే ఫ్లోరైడ్ బురదను ఎక్కడ పారబోయాలన్నది మరో ప్రశ్న. బావి పక్కనే పోస్తే తీసిన ఫ్లోరైడ్ తిరిగి అదే నీటిని చేరే ప్రమాదం ఉంది. ప్రయోగశాలలో విజయవంతమైన పద్ధతి ఊళ్లో కొనసాగాలంటే రోజూ కొలిచి కలిపే మనిషి కావాలి. చాలా చోట్ల కుంటుపడింది ఇక్కడే.

అందుకే భూగర్భ జలాన్ని శుద్ధి చేసుకోవడం కంటే నది నీటిని తెచ్చుకోవడమే మేలన్న ఆలోచన నల్లగొండలో బలపడింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా జిల్లాకు కృష్ణా నీరు అందుతోంది. కొత్తగా ఎదుగుతున్న పిల్లలకు ఇది పెద్ద మేలు. పాత తరం ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ మాత్రం అంత సులువుగా తిరిగి కరిగిపోదు.

కళ్లు చూడలేనిది

ఫ్లోరైడ్ గురించి ఒక అపోహ తొలగాలి. నీళ్లు కాస్తే సూక్ష్మజీవులు చనిపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. రెండు లీటర్ల నీరు మరిగి ఒక లీటరు మిగిలితే అందులో ఫ్లోరైడ్ గాఢత దాదాపు రెట్టింపు అవుతుంది. పైగా మరిగేటప్పుడు కాల్షియం కార్బోనేట్‌గా రాలిపోయి, ఫ్లోరైడ్‌ను అదుపు చేసే అయాన్ కూడా తగ్గిపోతుంది. గుడ్డతో వడకట్టడం, చిల్లగింజతో తేర్చడం నీటిలో తేలే మట్టిని తీయగలవు కానీ కరిగినదాన్ని తీయలేవు. రివర్స్ ఆస్మోసిస్ యంత్రాలు ఫ్లోరైడ్‌ను ఆపగలవు. అయితే అవి వదిలే వృథా నీటిలో అది మరింత గాఢంగా ఉంటుంది కాబట్టి ఆ నీరు ఎటు పోతోందో చూసుకోవాలి.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. దాన్ని పట్టుకోవడానికి రసాయనమే దారి. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎర్రని ద్రావణాన్ని నీటిలో వేస్తే, ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాక్కుంటుంది. రంగు ఎరుపు నుంచి పసుపు వైపు జారుతుంది. ఎంత జారిందో చూసి ఫ్లోరైడ్‌ను అంచనా వేస్తారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరూరా ఐదుగురు మహిళలకు చొప్పున ఇలాంటి క్షేత్రస్థాయి కిట్లతో నీటిని పరీక్షించడంలో శిక్షణ ఇస్తున్నారు. నీటి పరీక్షా ప్రయోగశాలల్లో సామాన్యులు కూడా తమ బోరు నీటిని పరీక్ష చేయించుకోవచ్చు. కొత్త బోరు వేసినప్పుడూ, పాత బోరును మరింత లోతుకు దించినప్పుడూ ఈ పరీక్ష తప్పనిసరి. లోతు మారితే నీరు తాకే రాయి మారుతుంది. రాయి మారితే కరిగేదీ మారుతుంది.

కుమ్హారి గిన్నెలోని పెచ్చు మీద కాస్త నిమ్మరసం పిండితే చిన్న బుడగలు లేస్తాయి. ఎప్పుడో వాన నీటితో నేలలోకి దిగిన కార్బన్ డయాక్సైడ్ కూడా వాటిలో ఉంటుంది. పెచ్చు కరిగి గిన్నె తళతళలాడుతుంది. కాల్షియం ఇలా తన ఉనికిని గిన్నె అడుగున తనే రాసి చూపిస్తుంది. గోకేయడానికి, కడిగేయడానికి మనకు వ్యవధి ఇస్తుంది. ఫ్లోరైడ్ గిన్నె మీద ఏమీ రాయదు. అది రాసేది పిల్లల పళ్ల మీద, పెద్దల ఎముకల్లో. ఆ రాతను చెరిపే నిమ్మరసం ఏదీ లేదు. అందుకే అది రాయడం మొదలుపెట్టక ముందే నీటిని పరీక్షించుకోవాలి.